నూటికి పద్దెనిమిది

బ్రాడీపేట నాలుగో లైన్లో మేడ మీద
మా షేర్ల ఆఫీసు.
పనిచేసే ఏసీ ఒక్కటే,
దాని కింద కుర్చీ సుభానీ గారిది.

పదిహేను రోజులకోసారి వస్తారు,
చొక్కా నిండా మిర్చి యార్డు ఘాటు.
నేను తుమ్మడం అయ్యేదాకా ఆగి
ధర అడగరు, లాభం అడగరు.
"అరువు తెచ్చి అమ్మినోళ్ళు ఎంతకొచ్చారమ్మా?"

నూటికి పద్దెనిమిది, అన్నాను.
పోయినసారి పదకొండు.
తొడిమ తుంచినట్టు
"ఊఁ" అన్నారు.

చేరిన కొత్తలో నాకు అంతుపట్టలేదు,
తనది కాని షేరు ఎలా అమ్ముతారని.
ఆయనే చెప్పారు:
"కోల్డ్ స్టోరేజీలో నీ తేజ బస్తాలు వంద ఉన్నాయి.
అరువడిగి ఇవాళే అమ్మేస్తా.
రేటు పడ్డాక కొని నీ వంద నీకు పెడతా.
మధ్యలో మిగిలింది నాది."
పడకపోతే?
"పడకపోతే నా ఇల్లు నీది."

ఆ కంపెనీకి బస్సు లేదు, డ్రైవరు లేడు,
కనీసం ఒక స్టెప్నీ టైరు లేదు.
ఫోన్లో కిటికీ సీటు అమ్ముతుంది, అంతే.
"నేను మాత్రం?" అంటారాయన,
"బస్టాండు ఎదురుగా ఇరవై రెండేళ్ళు
నావి కాని సీట్లేగా అమ్మింది."
ఒక బల్ల, ఒక చార్టు, నీలం పెన్సిలు.
ఒంటరి ఆడమనిషి సీటు పక్కన ఒక చుక్క,
ఆ చుక్క పక్కన మగాడి పేరు రాయలేదెప్పుడూ.
ఇప్పుడు యార్డులో కాటా చీటీలు రాస్తున్నారు.

ఒకరోజు ఖాళీగా ఉండి ఆయన ఖాతా తెరిచాను.
ఆ కంపెనీది కొన్నదీ లేదు, అమ్మిందీ లేదు.
ఉన్నది పాత సిమెంటు షేర్లు నలభై.
మరి ఎందుకొస్తున్నట్టు?
అది పడిపోవాలని కోరేవాళ్ళు
ఊళ్ళో తనొక్కడేనా అని
చూసుకుపోవడానికి కాబోలు.

చెప్పాలనిపించి చెప్పాను:
అమ్మినవాళ్ళంతా ఎప్పటికైనా కొనాలి సుభానీ గారూ.
రోజూ చేతులు మారే లెక్కన చూస్తే
తొమ్మిది రోజుల కొనుగోలు బాకీ ఉంది.
అందరికీ ఒకేసారి భయం వేస్తే
వాళ్ళే దాన్ని పైకి లేపుతారు.
"అంటే మనవాళ్ళేనా?"
మనవాళ్ళే.

అలాగే అయింది, వైశాఖంలో.
ఫలితాలు కాస్త బాగున్నాయన్నారు,
నాలుగు రోజులు తెర ఎర్రబడలేదు.
ఆ తర్వాత వచ్చి ఆయన అడిగితే
ఆరు, అన్నాను.
"మిగతా పన్నెండు?"
కొనుక్కుని పోయారు.
ఏసీ గాలికి కాలెండరు కొట్టుకుంటోంది.
చాలాసేపు దాన్నే చూశారు.

లేవబోతూ జేబులోంచి ఫోను తీశారు.
చెల్లెలు షంషాద్ బెంగుళూరు వెళ్ళాలట, ఈ రాత్రికే,
కంటి ఆపరేషను.
"అందులోనే చెయ్యమ్మా,
కౌంటర్లు ఎక్కడున్నాయిప్పుడు."

తెర మీద గళ్ళు తెరుచుకున్నాయి.
ఏడు ఖాళీ ఉంది, నొక్కబోయాను.
నా వేలు పట్టి ఆపారు.
"ఏడొద్దు, చక్రం మీద పడుతుంది.
పదమూడు తియ్యి.
పొద్దున ఎండ అటువైపు రాదు."