ఎంతసేపు ఆగుతుంది?

లెర్విక్‌లో, రేవు నుంచి పైకెక్కే సందు మొదట్లో
మా అంగడి. కెటిళ్లు, రేడియోలు, బల్బులు.
ఆ అక్టోబరులో పడవ మీద
జవాబు చెప్పే యంత్రాలు మూడు రకాలు దిగాయి.

ఓస్లా ఇస్‌బిస్టర్ వచ్చింది
చేపలు కోసే షెడ్డు నుంచి తిన్నగా,
గోళ్ల మీద పొలుసులు ఇంకా మెరుస్తూ.

నాకొచ్చిన పాఠం అప్పజెప్పాను:
ఇది ఎవరెన్నింటికి చేశారో గంటలతో సహా చెబుతుంది,
ఇది కరెంటు పోయినా మరిచిపోదు, మన దీవికి అది చిన్న సంగతి కాదు,
ఇదైతే బెర్గెన్‌లో ఉండి కూడా రెండంకెలు నొక్కి
మీ ఇంటి కబుర్లు మీరు వినొచ్చు.

"నాకు బెర్గెన్‌లో ఏం పని?"

ఎర్రగా మెరిసే అంకెల వైపు చూడనైనా లేదు.
"అవతల మనిషి మాట్లాడకపోతే
ఎంతసేపు ఆగుతుంది?"

అట్లా అడిగినవాళ్లు అంతవరకూ లేరు.
కాగితంలో వెతికితే దొరికింది, గొప్పగానే రాశారు:
నాలుగు సెకన్లు నిశ్శబ్దమైతే తనే ఆగుతుంది, టేపు ఆదా.
ఆమె ఆ పెట్టెని ఒక్క వేలితో
వెనక్కి జరిపింది.

"మా తమ్ముడు మాగ్నీ. వేట పడవ మీద ఉంటాడు.
ఏదో ఒక రేవులో దిగి ఫోను చేస్తాడు.
నత్తి.
మొదటి అక్షరానికే వాడికి ఒక సముద్రం అడ్డం.
ఒకసారి ఎనిమిది లెక్కపెట్టాను, ఒకసారి పదమూడు.
గట్టెక్కాడా, ఇక ఆపడం మన తరం కాదు."

సరే, పరీక్ష పెట్టాం.
నేను వెనక గదిలోకి వెళ్లి ముందు గదికి ఫోను చేసి
ఊరికే నిలబడ్డాను.
మొదటిది నాలుగుకే టక్కుమంది.
రెండోది ఏడు దాకా ఓపిక పట్టింది.
మూడోది బూడిద రంగు, గడియారం లేదు, అందం లేదు,
పైగా పదకొండు పౌన్లు ఎక్కువ.
అద్దంలోంచి ఓస్లా వేళ్లు మడుస్తోంది.
పది అయ్యాయి. మళ్లీ మొదటి వేలు.
మా యజమాని గిఫర్డ్ తలుపు తీసి
"ఎవరితోనోయ్ అంతసేపు?" అన్నాడు.
నోరు విప్పకుండా చెయ్యెత్తాను.

తిప్పి వింటే
ఒక గంగారావి అరుపు, నా ఊపిరి,
చివర గిఫర్డ్ గొంతు. అంతా ఉంది.

"కరెంటు పోతే దీనికేమీ గుర్తుండదు మరి," అన్నాను, నిజం చెప్పాలి గదా.
"కరెంటు పోతే వాడు మళ్లీ చేస్తాడు.
మధ్యలో కోసేస్తే చెయ్యడు."
నోట్లు లెక్కపెట్టి ఇచ్చింది, చేపల వాసనతో.

మార్చిలో, గ్యారంటీ కార్డు మీద సంతకం లేదని
ఆమె నంబరు తిప్పాను.
"ఓస్లాని. తొందరేం లేదు."
అంతే. ఆ తరవాత కూత.

నాకున్న పని ఒక్క ముక్క.
అయినా రిసీవరు పట్టుకుని
కాసేపు అలాగే ఉండిపోయాను.