కోటీ ఒకటో మూత

డండీలో జామ్ ఫ్యాక్టరీ. మూతలు బిగించే మిషను
కోటి కొట్టిన రాత్రి మేనేజరు కేకు తెచ్చాడు.
ఏడు గళ్ల మీటరు గిర్రున తిరిగి
సున్నాలన్నీ నోళ్లు తెరిచి ఫోటో దిగాయి.

అందరూ వెళ్లాక బెల్టు కదిలింది.
కోటీ ఒకటో మూతని చూసింది నేనొక్కదాన్నే.
మీటరుకి మాత్రం అది ఒకటి.

చిరిగిన లేబుల్ వెనక రాసుకున్నాను:
ఒకటి, ఆరు సున్నాలు, ఒకటి.
ఎటు నుంచి నరుక్కొచ్చినా అంతే.
బేసి, కనక రెండుకి లొంగదు.
అంకెలు కూడితే రెండే, మూడుకీ చిక్కదు.
ఐదు సంగతి చివరి ఒకటే చెప్పేసింది.
ఏడు ఊరించి ఊరించి
నాలుగు మిగిల్చి పోయింది.
పదకొండు...
అబ్బ, నిశ్శేషంగా!
చెరో చివర కాపలా ఉన్న ఒకట్లు
ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి.

చేతికొచ్చింది
తొమ్మిది లక్షల తొమ్మిది వేల తొంభై ఒకటి.
దాన్ని పగలగొట్టాలని
టీ విరామాల్లో, టే నది వంతెన మీద బస్సులో,
జలుబు చేసి పడుకున్న ఆదివారం కూడా
మూడు వారాలు భాగించాను.
తొమ్మిది వందల యాభై మూడు దాకా పోతే చాలు,
ఆ పైన వెతకక్కర్లేదు.
పోయాను.
ప్రతిసారీ ఏదో ఒక శేషం
గుమ్మంలో చెప్పులా.

"ఏమైంది నీ లెక్క?" అంది మోరాగ్.
"పగల్లేదు."
"మంచిదేగా," అంది,
ఖాళీ సీసాని దీపానికెత్తి
బీట కోసం చూస్తూ.