చేబదులు

అక్టోబరు ఆఖరి ఆదివారం, పూజ అయినంక
గుడి వరండల బల్లేసుకొని కూసుంట.
ఎర్ర అట్ట పొడుగు బుక్కు. పేరుకు ఇరవై రూపాయలు.
రెండో తారీకు సమాధుల కాడ ఫాదర్ సదివే పేర్లన్నీ
నా చేతిరాతల పడి పోవాలె.
ఉపదేశి బాలశౌరి బిడ్డనని ఆ పని నాకొచ్చింది.

రాయప్ప, పెద్ద చిన్నప్ప, చిన్న చిన్నప్ప,
బొగ్గుబాయిల పోయిన అరుళయ్య,
లూర్దమ్మ మొదటి కాన్పు. పేరు పెట్టకముందే పోయింది.
"పాప అని రాయి" అన్నది లూర్దమ్మ. రాసిన.

ఇన్నమ్మ సక్కగ చేను కాడికెంచే వచ్చింది.
తలల పత్తి పోగు, వేళ్లకు కాయలు గీరిన గాట్లు.
కొంగుముడి విప్పి రెండు నోట్లు పెట్టింది.
రెండు కిలోలు ఏరితే ఒక పేరు.
"మా ఆయనది రాసినవు గద, మా అత్తది రాయి, మరియమ్మ.
ఇంకోటి, గోనెల మల్లవ్వ."

కలం ఆగింది.
మల్లవ్వ మనోళ్లల్ల కాదు గద, ఇన్నమ్మా.
జ్ఞానస్నానం లేదు. క్రిస్మస్‌కు కేకు తినుడు తప్ప
గుడి గడప తొక్కింది లేదు.

ఆమె బల్ల మీద చెయ్యానించి నిలబడ్డది.
"పదేండ్లు నా పక్క సాలు ఏరింది.
మొన్న పెత్తరమాసకు బియ్యమిచ్చుకుంట
దాని పెనిమిటి పేర దోసెడు పోసి
నా రాయప్ప పేర ఇంకో దోసెడు పోసింది.
మీకీ పండుగ లేదాయె, ఆకలిగుంటడేమో అన్నది.
నేను నవ్విన.
సద్దుల బతుకమ్మ దాక ఉండలే అది, పాము గరిసింది.
దోసెడు బియ్యం చేబదులు తీస్కున్న పిల్లా.
ఎగ్గొట్టుమంటవా?"

లోపల గూట్లె పునీత అంతోనివారు.
ఇరిగిన వేలు సిమెంటుతోని అతికిచ్చినం.
తప్పిపోయిన మేక, బీడీల కట్ట, ఆధార్ కార్డు
అన్నీ ఆయనే దేవులాడియ్యాలె.
ఇన్నమ్మ మోకరించి, చేన్ల కేకేసినట్టే అడిగింది:
"అయ్యా, మా మల్లి ఏడున్నదో ఎరుకలేదు.
మీ దిక్కున్నదో, నడుమ ఉత్తరించు స్థలంల ఆగిందో
జెర చూసి చెప్పు.
బక్కగుంటది. కుడికాలు ఈడుస్తది."

రాసిన. నలభై ఒకటో పేరు.
నాయిన చూసి కండ్లద్దాలు సర్దుకున్నడు. ఏమనలే.

రెండో తారీకు, పొద్దుగూకంగ.
సమాధులకు కొత్త సున్నం, బంతిపూలు,
మైనపువత్తులకు చేతులడ్డం పెట్టే పిల్లగాండ్లు.
ఫాదర్ కేరళాయన. "గోనెల" కాడ కొంచెం ఆగిండు.
నా గుండె దడదడ.
"గోనెల మల్లమ్మ," అన్నడు, అవ్వను అమ్మను చేసి.
"నిత్య విశ్రాంతిని దయచేయండి ప్రభువా," అన్నం అందరం.

మల్లవ్వకు సమాధి లేదు. వాగొడ్డున కాల్చిండ్లు.
ఇన్నమ్మ గోడ దాటి చేన్లకు నడిచి
ఏరకుండ మిగిలిన సాలు మొదట్ల
మన్నుల గుచ్చింది వత్తిని.
"పత్తి అంటుకుంటదే!" ఎవరో ఒర్రిండ్లు.
"నేనున్న గద," అన్నది.

అది కొండెక్కేదాక కూసున్నది.
చేతులు ఊకుంటయా,
ఆ ఎలుగుల నాలుగు కాయలు ఏరి ఒళ్లె ఏసుకున్నది.
ఎవరి లెక్కల రాసుకుంటదో.