నూట ఎనిమిది కుట్లు

ఈరీ సరస్సు మీంచి మంచు అడ్డంగా వీస్తోంది.
ఒకప్పుడు తివాచీలు అమ్మిన గోదాము ఇది.
ఇప్పటికీ హీటరు వెయ్యగానే
నేలలోంచి పాత జిగురు వాసన లేస్తుంది.
నాలుగు వలలు, రెండు హీటర్లు,
పనిచేసేది ఒకటే.
మూడో వల నాది.
అరగంటకి నలభై డాలర్లు.

కొత్తగా వచ్చిన పిల్లల చేతిలో
ముందు బంతి పెట్టి
కుట్లు లెక్కపెట్టమంటాను.
నూట ఎనిమిది.
తొలిసారే సరిగ్గా చెప్పేవాళ్లు అరుదు.
తొంభై ఆరంటాడు ఒకడు,
నూట ఇరవై అంటుంది ఒకమ్మాయి.
ఆ కాసేపూ నాకు కాఫీ,
వాళ్ల వేళ్లకి తోలుతో చుట్టరికం.

రాత్రి ఎనిమిదికి హైస్కూలు వాళ్లొస్తారు,
నూనూగు మీసాలు, పెద్ద పెద్ద సంచులు.
వాళ్లకి కుట్లతో పనిలేదు.
రాడార్ మీద అంకె కావాలి.
ఎనభై రెండు వస్తే ఫోటో తీసుకుంటారు,
ఎనభై ఒకటి వస్తే యంత్రం చెడిపోయిందంటారు.

ఆర్లో వోజ్నియాక్ మాత్రం
కళ్లు మూసుకుని లెక్కపెట్టాడు,
బొటనవేలి గోటితో, ఒక్కొక్క కుట్టూ తడిమి.
నూట ఎనిమిదని చెప్పి
"ఇంకోసారి చూసుకోనా?" అనడిగాడు.
పదకొండేళ్లు. పళ్లకి తీగలు.
అన్న టోపీ, చెవుల దాకా.

అక్టోబరు నుంచి జనవరి దాకా
మేం బంతి విసిరింది తక్కువ.
మోకాలు ఎత్తి
కొంగలా ఒంటికాలి మీద ఆగడం,
చేత్తో తువ్వాలు పట్టుకుని
లేని బంతిని విసరడం.
అది గాలిని కొట్టి ఫట్ మనాలి, అంతే.
వాళ్ల నాన్న అద్దం అవతల
ప్లాస్టిక్ కుర్చీలోంచి చూసేవాడు,
తువ్వాలు ఊపడానికా నలభై డాలర్లు, అన్నట్టు.
తప్పు పట్టను.
రాత్రంతా చెక్కపెట్టెలకి మేకులు కొట్టి
పగటి నిద్ర చంపుకుని వచ్చే మనిషి.

పోయిన గురువారం లోపలికే వచ్చాడు.
"కర్వ్ నేర్పు.
మార్చిలో టీం ఎంపికలు.
డెమెట్ వాళ్ల కుర్రాడు వేస్తున్నాడు, వీడి ఈడే."
"ఇంకా ఎముకలు ముదరలేదు.
పద్నాలుగు రానీ."
"నాలుగో వలలో నేర్పుతారట,
ముప్పై అయిదుకే."

చొక్కా చెయ్యి పైకి మడిచాను.
మామూలుగా ఆ పని చెయ్యను.

పదేళ్లప్పుడు మా మామయ్య నేర్పాడు నాకు కర్వ్.
మణికట్టు తిప్పితే
బల్ల అంచు మీంచి జారిన గిన్నెలా
పడేది బంతి.
చూడ్డానికి పక్క వీధుల వాళ్లు కుర్చీలు తెచ్చుకునేవారు.
ఇరవై రెండేళ్లకి
పెద్ద లీగు రెండు మెట్ల దూరంలో
మోచేతికి రాసిన బెల్లం.
ఎంత నాలుక చాపినా
అంత దూరంలోనే ఉంది.

ఇదంతా అతనితో చెప్పలేదు.
చెయ్యి చూపించాను, అంతే.
చూశాడు.
తన చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.
"నొప్పి ఉంటుందా?"
"మంచు పడే ముందు రోజు."
"ఇక్కడ రోజూ పడేదే కదా."
ఇద్దరం నవ్వలేదు.

వల మూలన నిలబడి
ఆర్లో పెదాలు కదుపుతున్నాడు.
నా చేతి మీదే చూపు.
"పంతొమ్మిది," అన్నాడు.
ఇన్నేళ్లూ ఇరవై అనే
చెప్పుకుంటూ వచ్చాను నేను.

మళ్లీ గురువారం. ఐదున్నర, వాళ్ల టైము.
ఐదూ ముప్పై అయిదు.
పరదా అవతల, నాలుగో వలలో
ఎవరో విసురుతున్నారు.
చప్పుడుని బట్టి చిన్న చెయ్యే.
తొంగి చూడను.
ఆ పనిచేసే హీటరు మీద
తువ్వాలు ఆరేశాను,
వస్తే
పట్టుకోడానికి వెచ్చగా ఉంటుందని.