సీజన్ కార్డు

అంబాజీపేట రగ్బీ క్లబ్బు,
సీజన్ కార్డు మూడొందలు.
ఏటా మొదటిది కుడుపూడి దుర్గయ్యదే.
రోజుకి వెయ్యి కాయలొలిచే చేతుల్తో
నోట్లు లెక్కపెడుతుంటే
నా రసీదు పుస్తకం మీద పీచు రాలేది.

ఆట తెలీదతనికి.
"బంతి ఒలవని కాయలా ఉందండీ, అందుకే" అనేవాడు.
ఓడుతున్నా సరే
ఆఖరి ఈల దాకా గట్టు దిగేవాడు కాదు.

నిరుడు వరదకి
లంక గ్రౌండు మీద పడవలు తిరిగాయి.
ఒక్క ఆటా లేదు.
డబ్బు తిరిగిద్దామని వెళ్తే
గునపం మీంచి కాయ తీయకుండానే అన్నాడు:
"ఆడితే చూడ్డానికి టిక్కెట్టు చాలండీ.
కార్డు, మీరు ఆడలేనప్పటికి. ఆయ్."

ఆ మూడొందలతో
బురదలో దొరికిన గోలుకర్రలకి
తెల్లరంగు వేశాం.
ఒకటి ఇంకా కాస్త వంకరే.