వైపు లేని బరువు

స్వాన్సీలో రాత్రి రెండు. కిటికీకి అడ్డంగా వాన.
ఎలునెడ్ గళ్లు గీసిన విశ్వం
కంప్యూటర్లో ఉడుకుతోంది.

గడుల మధ్యకి
ఒక్క ఫెర్మియాన్‌ని రమ్మంటే
పదహారు వచ్చి కూర్చున్నాయి
పిలవని పేరంటానికి.
వాటిని సాగనంపడానికే మొదటి ఏడాది సరిపోయింది.

ఉన్నవాటికి బరువు లేదు.
ఎడమచేతివాటంది ఎడమగానే,
కుడిది కుడిగానే,
ఒకదాని మొహం ఒకటి చూడకుండా
కాంతివేగంతో పోతుంటాయి.
శూన్యమే ఓ పక్కకి ఒరిగితే
అప్పుడు కలుస్తాయి, బరువెక్కుతాయి.
చదువుకున్నది అదీ.

ఈ రాత్రి, నాలుగేసి కణాల ముడిని
బిగిస్తూ పోయింది.
శూన్యం ఒరగలేదు.
సగటు సున్నా. మళ్లీ చూసింది, సున్నానే.
అయినా గ్రాఫులో గీత
ఏటవాలుగా దిగుతోంది:
బరువుంది.

ఎక్కడో తప్పు చేశానని గొణుక్కుని
టీ పెట్టుకుంది. పాలు విరిగాయి.

పెన్‌క్లాడ్ బురదలో గుల్లలేరిన
అమ్మమ్మ గ్వెన్‌లియన్ చెప్పేది
పొగమంచులో పోటు ముంచుకొచ్చిన రోజు గురించి.
ఊరు ఎటో గాడిదకి కూడా తెలీదట.
"ఎటూ నడవలేదే పిల్లా.
నలుగురం చెయ్యీ చెయ్యీ మెలేసుకుని నిలబడ్డాం.
ముందెవరూ లేరు, వెనకెవరూ లేరు.
ఒక్కొక్కరమైతే గడ్డిపోచలం.
నలుగురినీ కదపలేక
నీళ్లే చుట్టూ తిరిగిపోయాయి."

గాడిద ఏమైందని
ఎలునెడ్ ఎప్పుడూ అడగలేదు.

విరిగిన పాలు సింకులో ఒంపి,
ఇంకా పెద్ద జాలకం మీద
మళ్లీ నడపమని యంత్రానికి చెప్పి,
కుర్చీలోనే
మోకాళ్లు ముడుచుకుంది.