పది చూపుమేరలు

బెర్గెన్‌లో వాన పడుతోందని రాయడం
సిరా దండగ.
పడని రోజు రాస్తాను.

మూడో అంతస్తు, చివరి గది.
ఇద్దరు ఒకేసారి చూసే మైక్రోస్కోప్.
అటు సీగ్వే, చేరి నాలుగు నెలలు.
ఇటు నేను. ఇరవై ఏడేళ్ళుగా ఇదే కుర్చీ,
దిండు మాత్రం మూడోది.
గాజు పలక మీద గులాబీ, ఊదా రంగుల్లో
ఎవరో స్త్రీ గర్భసంచి కండరంలోంచి కోసిన
గోరంత ముక్క.
పేరు చదవను.
పుట్టిన ఏడు మాత్రం ఎలాగోలా కంటపడుతుంది.
నాకంటే రెండేళ్ళు చిన్న.

విడిపోతున్న కణాల్ని లెక్కపెట్టాలి,
పది చూపుమేరల్లో.
పదికి తక్కువైతే ఒక మాట,
పది దాటితే ఇంకో మాట.
చిన్నప్పుడు బళ్ళో చెప్పారు,
భాగిస్తే తగ్గుతుందని.
ఇక్కడ భాగించిన కొద్దీ హెచ్చుతుంది.

నాకు తొమ్మిది వచ్చాయి.
సీగ్వేకి పద్నాలుగు.
అదే ముక్క, అదే దీపం, అదే మధ్యాహ్నం.

ఏవీ, చూపించు, అన్నాను.
ఇది విడిపోతున్నది కాదు బాబూ, చచ్చిపోతున్నది.
అంచు చూడు, ఎండిన మిరియంలా గట్టిగా, నున్నగా.
విడిపోయేదానికి అంచున నూగు ఉంటుంది,
గొంగళిపురుగు ఒంటి మీదలా.
పుట్టించేదీ పోయేదీ
ఒకే నలుపు కట్టుకుని ఎదురొస్తాయి,
ఏం చేస్తాం.

మరి ఇదో? అన్నాడు.
చక్రం ముందుకీ వెనక్కీ తిప్పాను.
ఇది...
కావచ్చు.
"కావచ్చు"ని లెక్కలో అర అని వేసే వీల్లేదు.

మా తమ్ముడు గౌతె సాల్మన్ బోనుల దగ్గర పనిచేస్తాడు,
దక్షిణాన, దీవుల్లో.
వారం వారం చేపల్ని మత్తునీళ్ళ తొట్టిలో వేసి
ఒంటి మీద పేలు లెక్కపెడతాడు.
సగటున చేపకి సగం పేను దాటితే బోనంతటికీ మందు.
సగం పేను ఎలా ఉంటుందిరా, అని నవ్వాను ఒకసారి.
వాడు నవ్వలేదు.
"అంకె తర్వాత అడుగు.
వల ఎక్కడ ముంచానో ముందు అడుగు" అన్నాడు,
చేతులు తుడుచుకుంటూ.

నువ్వెక్కడ మొదలుపెట్టావ్? అడిగాను సీగ్వేని.
అంచున, అక్కడ కిక్కిరిసి ఉన్నాయి, అన్నాడు.
పుస్తకం చెప్పేదీ అదే.
మరి నేను?
పలక ఎక్కడ ఆగితే అక్కడ.
మధ్యాహ్నం భోజనమైంది, మెడ నొప్పి,
ఇరవై ఏడేళ్ళ ధీమా.

ఇంకా ఉన్నాయి చెప్పుకోవలసినవి.
నేను నేర్చుకున్న పాత మైక్రోస్కోప్ కిటికీ చిన్నది,
ఆ పదీ ఈ పదీ ఒకటి కావు.
ముక్క ఫార్మలిన్‌లో పడేముందు
ఏ గిన్నెలో ఎంతసేపు నానిందో
ఎవరూ రాయలేదు.
అన్నీ కలిపి చివరికొక అంకె,
కాకిలెక్క అనలేం,
దేవుడి లెక్కా కాదు.

కుర్చీలు మార్చుకున్నాం.
ఈసారి అంచునించి, వైశాల్యం కొలుచుకుని,
ఒకరి కాగితం ఒకరికి కనపడకుండా.
నాకు పదకొండు. వాడికి పది.
వాడు తగ్గాడు, నేను పెరిగాను.
ఒకరికొకరం జడిశామేమో,
అదీ తెలీదు.

పలకని కవరులో పెట్టి
పై అంతస్తులో రాగ్న్‌ఫ్రిడ్‌కి పంపాను.
మా అంకెలు ఆమెకి చెప్పలేదు.
రేపటిదాకా రిపోర్టులో ఆ గడి
ఖాళీ.

ఊళ్ళో ఎక్కడో ఒకామె
రోజులు లెక్కపెడుతూ ఉంటుంది.
ఇవాళ్టికి పన్నెండు.
నేను లెక్కపెట్టినా అంతే వస్తుంది.

ఆరింటికి వాన వెలిసింది.
గొడుగు గదిలోనే మరిచాను.